పెళ్లికి పన్నెండు రోజుల ముందు స్కాన్

ఈ వారం ఉత్తరం పశ్చిమ గోదావరి జిల్లా నుంచి వచ్చింది. రాసినావిడ ప్రభుత్వ పాఠశాలలో తెలుగు టీచరు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. ఎనిమిది పేజీల ఉత్తరాన్ని ఇక్కడ కుదించి ఇస్తున్నాను.

ఆవిడకి ఇప్పుడు 49 ఏళ్లు. 46వ ఏట పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది, మూడో స్టేజి. ఆపరేషన్ చేసి పేగులో కొంత భాగం తీసేశారు. తర్వాత మూడు వారాలకోసారి చొప్పున ఎనిమిది కీమోలు. అవి పూర్తయి రెండేళ్లు కావస్తోంది. వేళ్ల చివర్లు ఇంకా మొద్దుబారే ఉన్నాయట, చేతిలో చాక్‌పీసు ఉందో లేదో చూసుకుంటే గాని తెలియదట. అది తప్ప ఒంట్లో బాధ లేదు. స్కూలుకి వెళ్తున్నారు, ఇంటి పని చేసుకుంటున్నారు. ఏడాదికి చేసిన కొలొనోస్కోపీలో, అంటే పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షలో, ఏమీ లేదన్నారు. మూడు నెలలకోసారి ఈ క్యాన్సర్ తిరగబెట్టే జాడ కోసం సీఈఏ అనే రక్తపరీక్ష, ఆరు నెలలకోసారి ఛాతీకీ పొట్టకీ సీటీ స్కాన్ జరుగుతున్నాయి.

"స్కాన్ తేదీకి ఇరవై రోజుల ముందు నుంచి నా మనసు నా దగ్గర ఉండదు. రాత్రి రెండింటికి లేచి పొట్ట తడుముకుంటాను. గ్యాస్ నొప్పి వచ్చినా అదే అనిపిస్తుంది. మొన్న నోటుబుక్కులు దిద్దుతూ ఒకే పేజీకి మూడుసార్లు టిక్కు పెట్టాను" అని రాశారు.

ఏడాది కిందటి స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో 5 మిల్లీమీటర్ల నాడ్యూల్, అంటే చిన్న గడ్డలాంటి మచ్చ, ఉందని వచ్చింది. ఆ రిపోర్టు కవరు స్కాన్ సెంటరు మెట్ల మీదే చింపి చదివి, అక్కడే ఫోన్‌లో వెతికారు. డాక్టరు దొరికింది నాలుగు రోజుల తర్వాత. ఆయన "ఎప్పటిదో పాత మచ్చలా ఉంది, చూద్దాం" అన్నారు. మూడు నెలలకి మళ్లీ తీశారు, మారలేదు. ఆరు నెలల కిందట తీశారు, మారలేదు. "డాక్టరు గారు దాన్ని మర్చిపోయారు. నేను మర్చిపోలేకపోతున్నాను."

కీమో గదిలో పక్క కుర్చీలో కూర్చునే ఆవిడ ఒకరు ఉండేవారట. ఇద్దరూ డబ్బాల్లో తెచ్చుకున్న పెరుగన్నం పంచుకునేవారు. ఆవిడ స్కాన్‌కి వెళ్లేదాకా నవ్వుతూనే ఉంది, స్కాన్ తర్వాత నాలుగు నెలలకి పోయింది.

ఇంట్లో ఈ సంగతి ఎత్తడానికి లేదు. అత్తగారు "ఆ మాట నోటితో అనకమ్మా, తథాస్తు దేవతలుంటారు" అంటారు. భర్త అసలే మాట్లాడరు, స్కాన్ ముందు రోజు సాయంత్రం మోటార్‌సైకిల్ బయట పెట్టుకుని గంటసేపు తుడుస్తారు. డల్లాస్‌లో ఉన్న మరిది మాత్రం ఫోన్ మీద ఫోన్: "ఆ సీటీలు ఎందుకు వదినా, మూడు నెలలకోసారి పెట్ స్కాన్ చేయించేయండి, డబ్బు నేను పంపుతాను."

ఈలోగా కూతురికి సంబంధం కుదిరింది. శ్రావణంలో ముహూర్తం. స్కాన్ తేదీ సరిగ్గా పెళ్లికి పన్నెండు రోజుల ముందు పడింది. వియ్యాలవారికి ఈవిడకి ఆపరేషన్ అయిందని తెలుసు. గర్భసంచి ఆపరేషన్ అనుకున్నారు, వీళ్లు కాదనలేదు. "దసరా అయ్యాక స్కాన్ చేయించుకోవచ్చా? వాళ్లకి నిజం చెప్పాలా? ఈ భయం ఎప్పటికైనా పోతుందా?" అని మూడు ప్రశ్నలు. ఆఖరి పేజీలో, వేరే సిరాతో ఇంకో మాట: మూడు నెలల కిందట సీఈఏ పరీక్షకి వెళ్లలేదు. వెళ్లాననీ, బాగానే వచ్చిందనీ ఇంట్లో చెప్పారు.

టీచరు గారూ,

నేను ఆ వేరే సిరాతోనే మొదలుపెడతాను. ముందే ఒక మాట, నేను డాక్టర్ని కాను. క్యాన్సర్ వచ్చిన ఇళ్లలోని మనుషులతో మాట్లాడటం నా పని. మందుల సంగతి, తేదీల సంగతి ఆఖరున మీ డాక్టరే తేల్చాలి.

పరీక్ష ఎగ్గొట్టినందుకు మీరు నేరం చేసినట్లు రాశారు. నాకు అందులో నేరం కనపడలేదు, మట్టం కనపడింది. గోదావరి జిల్లావారు కాబట్టి మీకు తెలుసు, ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రాత్రి రెండింటికి మెలకువ రావడం, ఒకే పేజీ మూడుసార్లు దిద్దడం మొదటి హెచ్చరిక. స్కాన్లకి వెళ్లే చాలామంది అక్కడిదాకా వస్తారు. భయం వల్ల పరీక్షే మానేయడం రెండో హెచ్చరిక. ఇంకా లంక గ్రామాలు ఖాళీ చేయక్కర్లేదు గాని, గట్టు మీద నిలబడి చూస్తూ ఊరుకునే మట్టమూ కాదు.

ఆ పరీక్ష ఒకటి తప్పినంత మాత్రాన కొంప మునగదు. సీఈఏ ఒక్క అంకెతో ఎవరూ ఏదీ తేల్చరు. మామూలుగా 5 లోపు ఉండాలంటారు. పొగ తాగేవాళ్లలో, లివర్ బాగాలేనివాళ్లలో, పేగులో వాపు ఉన్నవాళ్లలో అది కొంచెం పెరుగుతుంది. పెరిగినా ముందు చేసే పని ఇంకోసారి తీసి చూడటం. డాక్టరుకి కావలసింది ఆ అంకెల వరస. మధ్యలో ఒకటి లేదని ఆయనకి తెలియాలి. ఇంట్లో ఎప్పుడు చెప్తారో మీ ఇష్టం, డాక్టరుకి మాత్రం చెప్పండి. ఆయన విననిది కాదు. ఇలా ఎగ్గొట్టేవాళ్లు మీరు అనుకునేంత తక్కువ లేరు.

ఇక భయం సంగతి. మీకు ఆశ్చర్యంగా ఉన్న విషయం, కీమో ఎక్కుతున్నప్పుడు లేని భయం ఇప్పుడెందుకని. అప్పుడు చేయడానికి పని ఉంది. మూడు వారాలకోసారి వెళ్లడం, సూది, వాంతులు, చల్లనీళ్లు ముట్టుకుంటే చేతులు జివ్వుమనడం. రోగంతో తలపడుతున్నామనే పట్టు ఉండేది. ఇప్పుడు చేసేదేమీ లేదు, చూడటమే. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎంతమందో "ట్రీట్‌మెంట్ రోజులే నయం" అన్నారు. అమెరికాలో దీనికి స్కాన్, యాంగ్జైటీ రెండూ కలిపి స్కాన్‌గ్జైటీ అని పేరే పెట్టుకున్నారు. ఎముక క్యాన్సర్ నుంచి బయటపడిన బ్రూస్ ఫైలర్ అనే రచయిత 2011లో టైమ్ పత్రికలో రాశాక ఆ మాట బాగా వాడుకలోకి వచ్చింది. మనకి పేరు లేదు, అంతే. మీ పిల్లలకి వచ్చే పరీక్షల జ్వరానికి ఇది చుట్టమే, కానీ ఒక తేడా ఉంది. స్కాన్‌లో పాసవడం, ఫెయిలవడం అంటుంటారు చూడండి, నాకు ఆ మాట గిట్టదు. ఇందులో మీరు చదివి రాయవలసింది ఏమీ లేదు.

పెరుగన్నం పంచుకున్న ఆవిడ గురించి. ఆవిడని స్కాన్ చంపలేదు. స్కాన్ అప్పటికే ఉన్నదాన్ని చూపించింది. ఇది మీ బుద్ధికి తెలుసు, మీ పొట్టకి తెలియదు. "స్కాన్‌కి వెళ్లింది, పోయింది" అని ఒకదాని పక్కన ఒకటి పడిపోయాయి. ఇంకోటి, మీరిద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు గాని ఒకే జబ్బుతో కూర్చున్నారా? ఆవిడది ఏ క్యాన్సరో, ఏ స్టేజో మీ ఉత్తరంలో లేదు. మీకూ తెలియదేమో. కీమో గదిలో సెలైన్ స్టాండ్లన్నీ ఒకలాగే ఉంటాయి, వాటికి వేలాడే మందులూ రోగాలూ వేరు. నాకు అనిపించేది ఏమిటంటే, ఆవిడ కోసం మీరు ఇంతవరకు ఏడవలేదు. ఏడవడానికి బదులు ఆవిడ కథని మీ కథగా మోస్తున్నారు. ఆవిడ పేరు మీద ఏదైనా చేయండి, వాళ్ల పిల్లల్ని ఓసారి పలకరించండి. అది స్కాన్‌కి సంబంధం లేని పనే, అయినా చేయండి.

పెళ్లి, స్కాన్. మీ ముందు నాలుగు దారులు ఉన్నాయి.

ఉన్న తేదీకే వెళ్లడం ఒకటి. పోయిన రెండు సార్లలాగే ఈసారీ "మార్పు లేదు" అని వస్తే పన్నెండు రోజులూ తేలికపడి పెళ్లి చేసుకుంటారు. ఏదైనా అనుమానం అని వస్తే పసుపు దంచేటప్పుడూ, పెళ్లిబట్టలు పెట్టేటప్పుడూ అదే తలలో తిరుగుతుంది. అలా వచ్చినా అది సాధారణంగా ఆ వారంలోనే పరుగెత్తాల్సిన విషయం కాదు. కొన్ని వారాలాగి మళ్లీ చూద్దామనో, ఇంకో పరీక్ష చేద్దామనో అంటారు. అయినా మీ స్వభావానికి, మెట్ల మీద రిపోర్టు చింపే స్వభావానికి, అది కష్టమే.

రెండోది, రెండు మూడు వారాలు ముందుకి జరుపుకోవడం. ఆస్పత్రికి ఫోన్ చేసి "ఇంట్లో పెళ్లి ఉంది, కాస్త ముందు చేస్తారా" అంటే చాలాచోట్ల కుదురుతుంది. భయం ఇరవై రోజులు ఉడికే బదులు వారంలో తేలిపోతుంది. ఏదైనా ఉంటే చూసుకోవడానికి వ్యవధి ఉంటుంది. నన్నడిగితే నా మొగ్గు దీనివైపే. కాకపోతే పెళ్లిపనుల మధ్య ఒక పూట తీసుకోవాలి, ఇంట్లోవాళ్లకి కారణం చెప్పాలి.

మూడోది, పెళ్లయిన రెండు మూడు వారాలకి, డాక్టరుతో మాట్లాడి, తేదీ రాయించుకుని వెళ్లడం. దీన్ని నేను తప్పనను. 2018లో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. స్వీడన్, డెన్మార్క్, ఉరుగ్వేల్లో మీలాగే రెండో, మూడో స్టేజి పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిన 2,509 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి మూడేళ్లలో ఐదుసార్లు సీటీ, సీఈఏ. రెండో జట్టుకి రెండే రెండు సార్లు, ఏడాది నిండాక ఒకటి, మూడేళ్లు నిండాక ఒకటి. ఐదేళ్ల తర్వాత చూస్తే మరణాల్లో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడు వారాల వాయిదాకి అంత హడలిపోనక్కర్లేదని దాన్నుంచి నేను అనుకుంటాను. చెకప్‌లే మానేయవచ్చని మాత్రం కాదు. ఈలోగా మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, నొప్పి తగ్గకుండా పట్టుకున్నా వాయిదా మాట మర్చిపోయి వెంటనే చూపించుకోవాలి.

నాలుగోది మీరు అడిగింది, "దసరా అయ్యాక". దానికి తేదీ లేదు చూడండి. దసరా అయ్యాక దీపావళికి అల్లుడొస్తాడు, తర్వాత కార్తీక మాసం, ఆ తర్వాత కొత్తల్లుడికి మొదటి సంక్రాంతి. గోదావరి జిల్లాలో సంక్రాంతికి అల్లుణ్ని పెట్టుకుని స్కాన్‌కి వెళ్తారా ఎవరైనా? సీఈఏ ఎగ్గొట్టిన చేయే ఇక్కడా పనిచేస్తోందని నా అనుమానం. ఈ జబ్బు తిరగబెట్టే వాళ్లలో ఎక్కువమందికి మొదటి మూడేళ్లలోనే తిరగబెడుతుంది. మీరింకా ఆ మూడేళ్లలోనే ఉన్నారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. పెద్దపేగు క్యాన్సర్‌లో ఒక వెసులుబాటు ఉంది. లివర్‌లోనో ఊపిరితిత్తిలోనో ఒకటి రెండు మచ్చలుగా ఉన్నప్పుడే దొరికితే కొందరికి ఆపరేషన్‌తో తీసేయవచ్చు, పూర్తిగా నయమైనవాళ్లూ ఉన్నారు. స్కాన్ తీసేది అందుకే.

ఏ దారి పట్టినా ఒకటి మార్చుకోండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అన్నిటికన్నా ఎక్కువ నలిగిపోయింది స్కాన్ మిషన్‌లో కాదు, స్కాన్‌లో బొమ్మ తేటగా రావడానికి కాంట్రాస్ట్ అనే మందు ఎక్కించగానే ఒళ్లంతా వేడెక్కి బట్టలు తడిసిపోయాయేమో అనిపించే ఆ నిమిషంలోనూ కాదు. రిపోర్టు చేతికొచ్చాక డాక్టరు దొరికేదాకా ఉన్న నాలుగు రోజుల్లో. స్కాన్‌లో ఏముందో మీ చేతిలో లేదు. ఆ నాలుగు రోజులు మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉన్నాయి.

మనం ముందు స్కాన్ తీయించుకుని, రిపోర్టు వచ్చాక డాక్టరు కోసం పరుగెడతాం. తిరగేయండి. ముందు డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. దానికి ముందు రోజుకి స్కాన్ పెట్టించుకోండి. కొన్ని ఆస్పత్రుల్లో పొద్దున స్కాన్, సాయంత్రం డాక్టరు కూడా కుదురుతుంది. నాలుగు రోజులు ఒక్క రాత్రి అవుతుంది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తంలో చూడనిదే చాలాచోట్ల కాంట్రాస్ట్ ఎక్కించరు కదా, అది ముందే చేయించుకుంటే ఆ రోజు ఇంకో రెండు గంటలు కలిసొస్తాయి.

ఇక రిపోర్టు ఎవరు చదవాలి? కవరు విప్పకుండా డాక్టరు బల్ల మీద పెట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లకి ఆ రాత్రి కవరు కేసి చూస్తూ గడుస్తుంది. ఇప్పుడు చాలా సెంటర్లు వాట్సాప్‌లోనే పంపేస్తున్నాయి, ఆ నంబరు మీది కాకుండా ఇంకొకరిది ఇవ్వవచ్చు. అప్పుడు ఆ ఇంకొకరి ముఖం చదువుతూ కూర్చుంటారు, అదో తంటా. మీరే చదవడం మూడోది. చదవాలనుకుంటే ఆ భాష తెలిసి చదవండి.

మా అక్కకి ఇలాంటి చెకప్‌లు నడిచిన రోజుల్లో ఒక రిపోర్టు నేనే మొదట విప్పాను. లివర్ అన్‌రిమార్కబుల్, కిడ్నీలు అన్‌రిమార్కబుల్ అని ఉంది. మా అక్క ఆ మాట విని "చెప్పుకోవడానికి కూడా లేనంతగా పాడైపోయిందా" అని కూలబడిపోయింది. బీఏ చదివిన నేను కూడా ధైర్యం చెప్పలేకపోయాను, ఎందుకంటే నాకూ తెలియదు. చెప్పుకోవలసిన తేడా ఏమీ లేదు, బాగుంది అని దాని అర్థం. రేడియాలజిస్టు ఉద్యోగమే కనపడిన ప్రతి చుక్కా రాయడం. కిడ్నీలో నీటిబుడగ రాస్తాడు, వెన్నెముకలో వయసుకొచ్చిన అరుగుదల రాస్తాడు. స్టేబుల్ అంటే మారలేదు, మీ విషయంలో అది శుభవార్త. క్లినికల్ కోరిలేషన్ అంటే పేషెంటుని చూసే డాక్టరు దీన్ని కలిపి చూసుకోవాలి అని, అంతే. ఆ మాట దాదాపు ప్రతి రిపోర్టు కిందా ఉంటుంది. పాతవాటితో పోల్చి చెప్పడం ముఖ్యం కాబట్టి పాత సీడీలు, ఫిల్ములు ప్రతిసారీ తీసుకెళ్లండి. వీలైతే ఒకే సెంటర్‌లో తీయించుకోండి.

మీ 5 మిల్లీమీటర్ల నాడ్యూల్ కూడా ఇలాంటి చుక్కే కావచ్చు. మన దేశంలో టీబీ ఎంత తిరిగిందో మీకు తెలుసు. ఎప్పుడు సోకిందో, ఎప్పుడు మానిందో కూడా తెలియకుండా ఊపిరితిత్తిలో ఒక మచ్చ మిగిలినవాళ్లు లెక్కలేనంతమంది. ఏడాదిలో మళ్లీ మళ్లీ తీసినా పెరగలేదంటే అది దాని పక్షాన అది చెప్పుకుంటున్న సాక్ష్యం. డాక్టరు గారు దాన్ని మర్చిపోలేదు టీచరు గారూ. చూసి పక్కన పెట్టారు. ఈసారి ఆయన్నే సూటిగా అడగండి: "ఆ మచ్చ ఎంతకాలం మారకపోతే మీరు దాన్ని లెక్కలోంచి తీసేస్తారు?"

మరిది గారి పెట్ స్కాన్. ప్రేమతోనే అంటున్నారు, కానీ ఆ మాట వినకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పెట్‌లో రేడియోధార్మికత ఉన్న చక్కెర ఎక్కించి, ఒంట్లో ఎక్కడ ఎక్కువ ఖర్చవుతోందో చూస్తారు. చక్కెర తినేది క్యాన్సర్ ఒక్కటే కాదు. ఇన్‌ఫెక్షన్, వాపు, మానుతున్న గాయం, టీబీ అన్నీ వెలుగుతాయి. పైగా మీ మచ్చ సైజులో ఉన్నవాటి గురించి పెట్ గట్టిగా ఏమీ చెప్పలేదు. లక్షణాలేమీ లేని మీలాంటివాళ్లకి చెకప్ పేరుతో వరసగా పెట్ తీయమని పెద్దపేగు క్యాన్సర్ మార్గదర్శకాలు చెప్పవు. సీఈఏ పెరుగుతూ పోయినప్పుడు, సీటీలో తేల్చలేనిది కనపడినప్పుడు దాని అవసరం వస్తుంది. మూడు నెలలకోసారి తీయిస్తే ఇరవై రోజుల భయం ఏడాదికి రెండుసార్లకి బదులు నాలుగుసార్లు వస్తుంది. ఎప్పుడో ఒకసారి ఏదో వెలుగుతుంది, దానికి సూది పెట్టి ముక్క తీయాలంటారు. ఆయనకి ఇంకో పని అప్పగించండి. డల్లాస్‌లో ఉన్న మనిషికి చేతకానితనం భరించలేక డబ్బు పంపుతానంటున్నారు. మన రాత్రి రెండు గంటలు వాళ్లకి మధ్యాహ్నమో సాయంత్రమో. నిద్ర రాని రాత్రి ఫోన్ చేస్తే మాట్లాడేందుకు ఆయన్ని ఉండమనండి, స్కాన్ మాట ఎత్తకూడదని షరతు పెట్టి.

వియ్యాలవారి విషయం నేను ఆజ్ఞాపించేది కాదు. ఇప్పుడు చెప్తే సంబంధం ఊగిసలాడుతుందన్నది మీ భయం. ఊగవచ్చు కూడా, మన సమాజం అంత పెద్దమనసుదేమీ కాదు. చెప్పకపోతే పెళ్లయిన ఆర్నెల్లకో ఏడాదికో ఎవరో ఒక బంధువు నోట బయటపడుతుంది. అప్పుడు మాట పడేది మీ అమ్మాయి. మధ్యలో ఇంకో దారి ఉంది, అబ్బాయికి అమ్మాయే చెప్పడం. నిర్ణయం వాళ్లిద్దరిదీ అవుతుంది. అసలు మీరు ముందు మాట్లాడవలసింది మీ అమ్మాయితో. మీ ఉత్తరంలో ఆ అమ్మాయి అభిప్రాయం ఒక్క వాక్యం కూడా లేదు, గమనించారా?

ఆ పిల్లతో మాట్లాడటానికి ఇంకో కారణమూ ఉంది. పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం వంశపారంపర్యం కావు, కొద్ది శాతం మాత్రం అవుతాయి. మీ ఆపరేషన్‌లో తీసిన కణితి మీద ఎంఎంఆర్ అనే పరీక్ష చేశారో లేదో డాక్టరుని అడగండి. వంశంలో నడిచే లించ్ సిండ్రోమ్‌కి తొలి ఆనవాలు దాంట్లో తెలుస్తుంది. అది లేదని తేలినా, తల్లికి 46కి వచ్చింది కాబట్టి బిడ్డకి అంతకు పదేళ్ల ముందు, అంటే 36 నుంచి కొలొనోస్కోపీ మొదలుపెట్టమంటారు. ఉందని తేలితే ఇంకా ముందే. రేపు ఎవరైనా "అమ్మాయికి కూడా వస్తుందా" అని అడిగితే మీ దగ్గర గొణుగుడు కాకుండా ఒక జవాబుంటుంది.

అత్తగారి తథాస్తు దేవతల మాట నాకు నవ్వొచ్చింది, మా ఇంట్లోనూ ఇదే మాట. వాళ్లు నిజంగా అంత చెవి ఒగ్గి వింటూ ఉంటే, ఈ రెండేళ్లలో ఆవిడ మీకోసం మొక్కిన మొక్కులు కూడా వినే ఉంటారు. పెద్దావిడతో వాదించకండి. కానీ నోట్లోంచి రాని భయం రాత్రి రెండింటికి లేచి కూర్చుంటుంది. చెప్పడానికి ఒక చెవి కావాలి. కుదరకపోతే నోటుబుక్కు అయినా సరే, సాయంత్రం ఇరవై నిమిషాలు, రాసి మూసేయడం. మీకు చేయి తిరిగిన పనే. అందులోనే డాక్టరుని అడగవలసినవి కూడా రాసుకోండి, ఆ గదిలోకి వెళ్లాక ఏదీ గుర్తురాదు.

రెండు వారాలైనా నిద్ర కుదరకపోతే, గుండె దడతో ఊపిరాడనట్లు అవుతుంటే, పరీక్ష తేదీ ఇంకోటి కూడా చేజారితే అది మూడో హెచ్చరిక అనుకోండి. అప్పుడు సైకియాట్రిస్టునో సైకాలజిస్టునో కలవాలి. పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో దీనికోసమే మనుషులుంటారు. మీ ఆస్పత్రిలో లేకపోతే టెలీ మానస్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. కొద్దికాలం మాత్ర వేసుకోమంటే వేసుకోండి. కీమోలే తట్టుకున్న ఒళ్లు అది.

ఈ భయం పోతుందా అన్నారు. పూర్తిగా పోయిందని చెప్పినవాళ్లని నేను తక్కువమందినే చూశాను. అంతా సవ్యంగా నడిస్తే రెండేళ్లు దాటాక సీఈఏ మూడు నెలలకి బదులు ఆరు నెలలకోసారి అవుతుంది. స్కాన్లు కూడా ఏడాదికోసారికి జరగవచ్చు. ఐదేళ్లు నిండాక మామూలుగా ఆపేస్తారు. ఆపేశాక "ఇక ఎవరూ చూడరా" అని బెంగపడినవాళ్లు కూడా ఉన్నారు, మనసు అంత విచిత్రం. మట్టం తగ్గుతుంది. ఏటికేడాదీ వర్షాకాలం వచ్చినప్పుడు గట్టు వైపు ఓసారి చూడటం మిగులుతుంది.

మీవారి గురించి ఆఖరున రాస్తున్నాను, నాకు మీ ఉత్తరంలో బాగా నచ్చిన మనిషి ఆయనే కాబట్టి. స్కాన్ ముందు రోజు గంటసేపు బండి తుడిచే మనిషికి మీ సంగతి పట్టదని మీరు అనుకుంటున్నారు. ఆ బండి అంత మురికిగా ఉంటుందా ప్రతిసారీ? మాట రాని మనిషి చేతులతో భయపడుతున్నాడని నాకు అనిపించింది. ఆయన్ని కూర్చోబెట్టి మనసు విప్పమంటే విప్పరు. ఆ గుడ్డ ముక్క ఇంకోటి తీసుకుని అటుపక్క మీరు తుడవండి. తుడుస్తూ "పోయినసారి రక్తపరీక్షకి నేను వెళ్లలేదండీ" అని చెప్పండి. ముఖాలు చూసుకోనక్కర్లేదు కాబట్టి ఇద్దరికీ తేలిక.

సీఈఏకి ఖాళీ కడుపుతో ఉండనక్కర్లేదు, ఏ పూటైనా ఇవ్వవచ్చు. రేపు స్కూలు వదిలే వేళకి ఆయన్ని ఆ బండి వేసుకుని గేటు దగ్గరికి రమ్మనండి.